ఖాళీ వదిలిన వైపు

ఫోటోలు గోడకెక్కిన రోజు నుంచీ దర్జీకి మనసు మనసులో లేదు. భార్య ఎదురింటి స్టూడియో అక్క దగ్గర ఫోటోలు తీయడం నేర్చుకుంటోంది. కెమెరా చేతికొచ్చిన దగ్గర్నుంచీ మొగుడినే తీస్తోంది. తీస్తే తీసింది, ఏ ఫోటోలో చూసినా అతన్ని ఓ అంచుకు నెట్టేసింది. మిగిలిందంతా ఖాళీ.

ఇస్త్రీ బట్టలు తెచ్చినాయన గోడవైపు తలెత్తి చూశాడు.

"ఏం బావా, నిన్ను మూలకు తోసి ఆ చోటు ఎవరికి అట్టిపెట్టింది మా చెల్లెలు?"

నవ్వేసి వెళ్ళిపోయాడు. దర్జీకి అది నవ్వులాటగా తోచలేదు. కత్తెర నడవాల్సిన చోట జాగా వదలడం అతనికి రోజూ ఉన్న పనే. మొదటి భార్య వెళ్ళిపోతూ, పెళ్ళి ఫోటోలోంచి తన సగం కత్తిరించి పట్టుకుపోయింది. ఆనుకుని నిలబడ్డారేమో, అతని చెయ్యి కూడా భుజం దాకా పోయింది. ఈమె తెలివైనది, కత్తిరించడానికి ముందే సులువు చూసుకుంటోంది అనుకున్నాడు.

అప్పట్నుంచీ ఆమె సంచి తీస్తే ఎక్కడికని ఆరా. స్టూడియో అక్క ఫోన్ చేస్తే ఓ చెవి అటు వేసేవాడు. "ఖాళీ ఇంకొంచెం వదలమంటావా అక్కా?" అని లోపలి గదిలోంచి వినపడి మిషన్ తొక్కడం ఆపేశాడు.

ఓ మధ్యాహ్నం ఆమె మళ్ళీ కెమెరా ఎత్తేసరికి కడుపులో మాట దాగలేదు.

"నన్ను వదిలించుకోవాలనుంటే మొహమ్మీదే చెప్పు. ఇలా అంచుకు నెట్టి కాదు."

ఆమెకు ముందు అర్థం కాలేదు. అయ్యాక కోప్పడనూ లేదు. మనిషి ఎటు చూస్తుంటే అటే ఖాళీ వదలాలనీ, లేకపోతే చూపు వెళ్ళి గోడకు గుద్దుకున్నట్టుంటుందనీ అక్క నేర్పిన పాఠం చెప్పింది. ఫోటోలన్నీ దించి బల్ల మీద పరిచింది.

"ఖాళీ సంగతి సరే. మీరెటు చూస్తున్నారో చూడండి."

గుండీలు కుడుతున్నా, టేపు చుడుతున్నా, టీ తాగుతున్నా, అన్నిట్లోనూ అతని కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి.

"నేనెక్కడికి పోతానని ఈ కాపలా?"

ఈ మాట కూడా ఆ అక్కే నేర్పిందేమో అని దర్జీకి ఓ మూల అనిపించింది.

"మధ్యలోకి రావాలనుంటే నన్ను చూడండి," అంటూ ఆమె కెమెరా కంటికి ఆనించింది.

చూశాడు. సన్నసూదిలో దారం ఎక్కించడానికైనా అంత అవస్థ పడలేదు. అంతలో గుమ్మం దగ్గర అడుగుల చప్పుడైంది. దర్జీ మెడ నరం లాగింది. తల మాత్రం తిప్పలేదు.