విరిగిన బిళ్ళల సీసా

మా నాన్నకు నేనంటే ఎంత ఇష్టమో, అతిమధురం బిళ్ళలంటే అంతకంటే ఓ పిసరు ఎక్కువే ఇష్టం. ఇది నేనన్న మాట కాదు, వచ్చిన ప్రతివాళ్ళకీ ఆయనే చెప్పి నవ్విస్తాడు. ఇంటి వెనక రెండు గదుల కార్ఖానా మాది. అతిమధురం వేరును ఉడికించి తీసిన నల్లటి సారాన్ని చక్కెర పాకంలో కలిపి, రాతిబల్ల మీద పోసి, వేడి చల్లారకముందే కోసి గొంతు బిళ్ళలు చేస్తాం. పొడిదగ్గుకీ గొంతు గరగరకీ జనం కొనుక్కుంటారు. పాకం పట్టడం నాన్న పని. కోయడం, పొట్లాలు కట్టడం, దుకాణాలవాళ్ళతో పోట్లాడటం నా పని. మూడోది నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

నాన్న సిగరెట్లు మానేశాక బిళ్ళలు మరిగాడు. చెయ్యి ఊరికే ఉండలేకపోయినప్పుడల్లా నోట్లో ఓ బిళ్ళ. కోతలో విరిగినవాటిని అమ్మలేం, పారేయడానికి మనసొప్పదు. అందుకని వాటిని పొయ్యి పక్కనుండే పెద్ద గాజుసీసాలో వేసేవాళ్ళం. ఆ సీసా నాన్నది. "పొగ వదిలి వేరు పట్టుకున్నానే. చెట్టు మందు ఎవరికీ చేటు చెయ్యదు" అనేవాడు. ఆ పాడు పొగ వదిలినందుకు నేను మురిసిపోయి, సీసా ఖాళీ కాకుండా చూసుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో వచ్చింది ఆహార తనిఖీ అధికారిణి. సన్నగా, గాలొస్తే పడిపోయేలా ఉంటుంది కానీ మాట మీద నిలబడితే గోడే. పొట్లం మీద చిన్న అక్షరాలను భూతద్దం పెట్టి చదివేది కాబట్టి ఆమెకు మేం పెట్టుకున్న పేరు భూతద్దం. ఆమె మా బిళ్ళల్ని పరీక్షకు పంపించి, మళ్ళీ వచ్చి, పొట్లం మీద ఒక మాట అచ్చు వేయాల్సిందేనంది: 'ఇందులో అతిమధురం ఉంది. రక్తపోటు ఉన్నవారు ఎక్కువగా తినరాదు.'

నేను ఒంటికాలి మీద లేచాను.

"ఇదేమన్నా రంగా, రసాయనమా? భూమిలో పుట్టిన వేరండీ!"

"వేరన్నది నిజమే. కానీ దానికి తీపినిచ్చే పదార్థం గ్లైసిరైజిన్ అని ఒకటుంది. అది ఎక్కువైతే ఒంట్లో ఉప్పు నిలిచిపోతుంది, పొటాషియం బయటికి పోతుంది. అది నేలలో పుట్టిందా, ఫ్యాక్టరీలో పుట్టిందా అని ఒళ్ళు అడగదండీ" అంది ఆమె, గొంతు పెంచకుండా.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకంట? తినేవాళ్ళు బాగానే తింటున్నారు కదా!"

"ఆ మాట లేకుండా ఒక్క పొట్లం కూడా గడప దాటకూడదు" అని సంతకం పెట్టించుకుని వెళ్ళింది. ఆమెను, ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్నవాళ్ళను తిట్టుకుంటూ, కట్టి ఉన్న పొట్లాలన్నిటికీ కూర్చుని స్టిక్కర్లు అంటించాను. జిగురుతో వేళ్ళు అతుక్కుపోయాయి.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, అప్పుడే నాన్న కాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. బాణలి ముందు నిలబడితే పిక్కలు పట్టేసేవి. చీలమండలు వాచేవి. బీపీ ఎక్కిపోతోందని డాక్టరు మాత్రలు పెంచాడు. ఉప్పు తగ్గించారా అన్నాడు, తగ్గించామన్నాం. సిగరెట్లన్నాడు, ఎప్పుడో మానేశాడని గర్వంగా చెప్పాను. బిళ్ళల సంగతి ఆయన అడగలేదు, మేం చెప్పలేదు. మాకు అది తిండి కాదు మరి, పని.

ఓ పొద్దున పాకం దించబోతూ నాన్న మోకాళ్ళ మీద కూలబడిపోయాడు. బాణలి ఇంకా పొయ్యి మీదే ఉంది కాబట్టి సరిపోయింది. లేచి నిలబడటానికి ఆయన చేసిన ప్రయత్నం నేను చూడలేకపోయాను. గుండె కొట్టుకోవడం కూడా లయ తప్పుతోందని, ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుందని డాక్టరు అన్నాడు. ఆ రోజు నుంచి నాన్న కుర్చీకి అంటుకుపోయాడు, పొయ్యి పక్కనున్న సీసా ఆయన ఒళ్ళోకి చేరింది. అమ్మ పోయాక నాకు తల్లీ తండ్రీ ఆయనే. ఆయన కూడా పోతే అన్న మాట దాకా వచ్చి నా ఆలోచన ఆగిపోయేది. అరవడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

ఆ వారమే భూతద్దం మళ్ళీ దిగింది, స్టిక్కర్లు చూడటానికి.

"పెద్దాయనకు ఒంట్లో బాగోలేదా?" అంది, కుర్చీలో ఉన్న నాన్నను చూసి.

"అదంతా మీకెందుకు? మీరు చూడాల్సింది చూసుకుని వెళ్ళండి" అన్నాను.

పొట్లాలు చూసింది, బాగున్నాయంది. వెళ్ళబోతూ నాన్న ఒళ్ళో ఉన్న సీసా దగ్గర ఆగింది. "దీని మీద ఏమీ లేదే?"

"అది అమ్మేది కాదండీ. విరిగిన ముక్కలు. ఇంట్లోకి."

"ఎవరు తింటారు?"

"నేనేనమ్మా. నువ్వూ ఒకటి తీసుకో" అని నాన్న సీసా ముందుకు చాపాడు.

"రోజుకెన్ని తింటారు?"

"లెక్కెవరు పెట్టారు తల్లీ! పొద్దున గుప్పెడు, సాయంత్రం గుప్పెడు. మధ్యలో చెయ్యి ఊరుకోదు."

ఆమె కాగితాలు బల్ల మీద పెట్టేసి నాన్న పక్కన చతికిలబడింది. పిక్కలు పట్టేస్తున్నాయా, కాళ్ళు వాస్తున్నాయా, బీపీ మాత్రలు పెంచినా తగ్గట్లేదా అని ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ నాన్న తల ఊపాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇంత జరుగుతుంటే మా బిళ్ళల మీద నింద వేయడానికి వచ్చారా?"

ఆమె కోప్పడలేదు. ఒక పొట్లం నా చేతిలో పెట్టి, "ఇది పైకి చదవండి" అంది.

చూడాల్సిన అవసరమేముంది నాకు? కంఠతా వచ్చిన ముక్కే. 'ఇందులో అతిమధురం ఉంది. రక్తపోటు ఉన్నవారు' అన్నానో లేదో, నా చూపు నాన్న ఒళ్ళోని సీసా మీద పడింది. దీపం కిందే చీకటంటారు. ఊరందరి కోసం ఒక్కో పొట్లానికీ అంటించిన మాట, మా నాన్న సీసాకు అంటలేదు.

"నేను డాక్టర్ని కాను, నా అనుమానం తప్పే కావచ్చు. కానీ ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి. పొటాషియం ఎంతుందో చూడమనండి. సీసా కూడా పట్టుకెళ్ళండి" అంది. ఆటో దొరకలేదు. ఒక్క అక్షరం తేడా వస్తే ఊరుకోని మనిషి, ఇతరులను ఎక్కించకూడని ఆఫీసు బండిలో మమ్మల్ని ఎక్కించింది. దారంతా నాన్న నాడి పట్టుకుని కూర్చుంది.

రక్తపరీక్ష చూసి డాక్టరు ముఖం మారిపోయింది. వెంటనే సెలైన్ పెట్టించి, గుండె దగ్గర తీగలు అతికించి, నన్ను పక్కకు పిలిచాడు. "పొటాషియం బాగా పడిపోయింది. ఇంకొన్నాళ్ళు ఆగుంటే గుండె ఆగిపోయేదమ్మా" అన్నాడు. నేను గోడకు జారగిలబడి పసిపిల్లలా ఏడ్చాను.

బిళ్ళలు మానేశాక ఒంట్లో ఉప్పూనీరూ సర్దుకోవడానికి వారాలు పట్టింది. మొదట కాళ్ళ వాపు తీసింది, తర్వాత బీపీ దిగింది. ఆ తర్వాత ఓ రోజు నాన్న నా చెయ్యి వదిలించుకుని వంటగది దాకా వెళ్ళి, మంచినీళ్ళు తనే ముంచుకున్నాడు.

ఆమెకు ఏమివ్వాలో తెలియక తల బద్దలు కొట్టుకున్నాను. ఫోన్ చేసి అడిగితే, "అలాంటివి తీసుకోకూడదండీ, కనీసం పండు కూడా" అంది. "ఏమీ వద్దులేవే, నన్ను తీసుకెళ్ళు చాలు" అన్నాడు నాన్న.

ఆమె ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉన్నా నాన్న వినలేదు. మెట్ల కమ్మీ పట్టుకుని, మలుపు మలుపులో ఆగి ఊపిరి పీల్చుకుంటూ ఎక్కాడు. వెనకాలే నేను చేతులు చాపుకుని ఎక్కాను. మమ్మల్ని గుమ్మంలో చూడగానే ఆమె ముఖంలో 'మళ్ళీ ఏం గొడవో' అన్న బెదురు కనిపించింది. నా నోటి ప్రతాపం అలాంటిది మరి.

"గొడవకు రాలేదండీ. మీ రుణం ఏ జన్మకూ తీర్చుకోలేను. నాకు మా నాన్నను మిగిల్చారు" అన్నాను.

"ఈ గదిలోకి అందరూ తిట్టడానికే వస్తారు" అంది మెల్లగా. "పొట్లం మీది మాట చదివి, కొనకుండా తిరిగి పెట్టేసినవాళ్ళు నాకెప్పుడూ కనబడరు. అసలు ఉన్నారో లేదో కూడా తెలియదు." అంతలో నాన్న ఆయాసం గమనించి గబగబా కుర్చీ లాగింది. "అయ్యో, కూర్చోండి, కూర్చోండి."

నాన్న కుర్చీని పక్కకు జరిపాడు.

"కూర్చోమనకు తల్లీ. నిలబడి నీకు కనబడదామనే వచ్చాను."