కుట్టు వెనక కుట్ర

"ముసలాడి బొంద ఆదివారానికల్లా రెడీ అయిపోతుందిలే."

గురువారం పొద్దున హారన్‌గారి చెవిన పడిన మాట ఇది. వచ్చింది కుట్టుమిషను గదిలోంచి. గొంతు సాక్షాత్తూ ఆయన భార్యది.

హారన్ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ముప్ఫై రెండేళ్లు బస్సు నడిపి, ఇంజను మోత మీద అరిచి అరిచి, రిటైరయ్యాక ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివర కుక్క లేచి నిలబడేంత గొంతు వెంట తెచ్చుకున్నందుకు వీధివాళ్లు ఇచ్చిన బిరుదు. గొంతు వెంట వచ్చింది గానీ, ఇంజను వైపు ఉండే ఎడమ చెవి మాత్రం బస్సుతోపాటే షెడ్డుకు పోయింది. ఆ సంగతి చస్తే ఒప్పుకోడు. "నా చెవికేం రోగం? లోకమే గొణుగుతోంది" అంటాడు. అందుకే ఇప్పుడు కూడా తలుపు వారగా నక్కి, పట్టుదలగా ఆ ఎడమ చెవినే ఒగ్గాడు.

మిషను టకటకల మధ్య ఆమె ఫోనులో కూతురితో మాట్లాడుతోంది. "వయసైపోయింది పాపం... వాణ్ని అందులో పెట్టి పంపించేద్దాం... మీ నాన్నకి ఇప్పుడే చెప్పకు, ఇల్లు పీకి పందిరేస్తారు."

బొంద! అంటే గొయ్యి. మనిషిని పెట్టి మన్ను కప్పే గొయ్యి. హారన్‌గారికి బ్రేకు ఫెయిలైనట్టయింది. ఇన్నేళ్లూ ఆవిడ "మీ బొంద" అని విసుక్కుంటే తిట్టు అనుకున్నాడు. అది ముందస్తు నోటీసని ఇప్పుడు తెలిసింది. పైగా 'వాణ్ని' అట! ప్రాణంకన్నా ముందు మర్యాద పోయింది. ఇంట్లో ముసలాడు ఎవరా అని అద్దంలోకి చూస్తే, జవాబు బట్టతలతో సహా కనబడింది.

భార్య దర్జీ దుకాణాల్లో మిగిలిన గుడ్డముక్కలు తెచ్చి అతికి బొంతలు కుడుతుంది. "నా బతుకు గతుకుల మీద, నీ బతుకు అతుకుల మీద" అని ఆయన రోజుకోసారైనా జోకు వేసి, తనే నవ్వుకునేవాడు. ఇవాళ నవ్వు రాలేదు. కుట్టుకీ కుట్రకీ మధ్య ఒక్క ఒత్తే కదా తేడా!

ఆలోచిస్తూ హాల్లోకి వచ్చాడు. కిటికీ కింద పెద్ద గూడు. కూతురు దిక్కులేని జంతువులను చేరదీసే కేంద్రంలో పనిచేస్తుంది. అక్కడ చోటు చాలనప్పుడు బొద్దు ఎలకల్లాంటి గినీ పిగ్గులను తెచ్చి, ఎవరో ఒకరు పెంచుకోవడానికి ముందుకొచ్చేదాకా పుట్టింట్లో దింపుతుంది. మొదటిసారి "వీటిని ఫోస్టర్ చేయాలి నాన్నా" అంటే, "గోడకి అంటించాలా?" అన్నాడు. "అది పోస్టర్. ఇవి గినీ పిగ్గులు" అంటే, "గిన్నె పిగ్గులా? మరి మూతేదీ?" అన్నాడు.

ఇప్పుడు గూట్లో మూడున్నాయి. తెల్లది దూది. బుల్లిది బఠాణీ. నెల కిందట వచ్చిన బూడిదరంగువాడు మాత్రం ఫ్రిజ్ తలుపు తెరిచినా, కవరు గలగలమన్నా రెండు కాళ్ల మీద లేచి ఈల వేస్తాడు. బస్సు డ్రైవరు అలాంటివాడికి ఇంకేం పేరు పెడతాడు? కండక్టరు అన్నాడు. మిగతావాళ్లు వాణ్ని ఏమని పిలుస్తారో పట్టించుకోలేదు. "ఇల్లా, ఎలకల డిపోనా?" అని పైకి సణుగుతాడు గానీ, ఎవరూ చూడనప్పుడు ఆయన పళ్లెంలోని దోసకాయ ముక్క కండక్టరు నోటికి టిక్కెట్టు లేకుండానే చేరుతుంది.

"నాకేమైనా అయితే నువ్వే సాక్షివిరా" అన్నాడు. కండక్టరు ఈల వేశాడు.

శుక్రవారం బీరువా తెరిస్తే ఖాకీ చొక్కా ఒకటి లేదు. శనివారం రెండోదీ లేదు.

"ఏమోయ్, నా చొక్కాలేవీ?"

"ఇస్త్రీకిచ్చానండీ."

రిటైరైన చొక్కాకి ఇస్త్రీ ఎందుకు? ముందు చొక్కాను, తర్వాత మనిషిని సాగనంపుతారన్నమాట!

ఆ మధ్యాహ్నమే కూతురు వచ్చింది. వంటగదిలో తల్లీకూతుళ్ల గుసగుసలు వినబడ్డాయి.

"పొడుగెంత పెట్టావమ్మా?"

"అడుగున్నర చాలదూ?"

"బోలెడు. ముడుచుకునేగా పడుకునేది. అన్నట్టు యాభై గ్రాములు తగ్గాడు."

ఐదడుగుల పది అంగుళాల మనిషికి అడుగున్నర గొయ్యా? మడతపెట్టే పెడతారు. దుప్పట్లు మడిచి మడిచి ఆరితేరిన చేతులు! పొద్దున గడ్డం గీసుకున్న మాట నిజమే గానీ, ఆ బరువు కూడా తూచేశారా?

గాలి కోసం పెరట్లోకి వెళ్తే అక్కడ ఉన్న గాలి కూడా పోయింది. ప్లంబరు గొయ్యి తవ్వుతున్నాడు.

"ఎవరు తవ్వమన్నారు?"

"ఆంటీనే, అంకుల్. ఆదివారానికల్లా అయిపోవాలన్నారు. ఎవరో వస్తున్నారంట."

"లోతెంత?"

"మూడడుగులు. ఒక్కసారి లోపల పెట్టి పూడ్చేశామంటే పదేళ్లు మళ్లీ తీసి చూడక్కర్లేదు!"

"పదేళ్లేం ఖర్మ," అన్నాడు హారన్‌గారు, జీవితంలో మొదటిసారి మెల్లగా.

లోపలికి రాగానే భార్య పళ్లెం అందించింది. దోసకాయ ముక్కలు. వాటి మీద తెల్లటి పొడి.

"ఏంటిది?"

"ఉప్పండీ. నిన్నట్నుంచీ ఏమీ సరిగా తినట్లేదు. తినండి."

ఎన్నడూ లేని ముద్దు! ఆమె మిషను దగ్గరికి వెళ్లేదాకా ఆగి, పళ్లెం పట్టుకుని గూటి దగ్గరికి నడిచాడు. లోకంలో ఏ ప్రయోగమైనా ముందు గినీ పిగ్గు మీదే చేస్తారని ఎక్కడో విన్నాడు. ఒక ముక్క తీసి ఊచల మధ్య పెట్టాడు.

కండక్టరు పరుగెత్తుకొచ్చాడు. ముక్కు ఆడిస్తూ, ముందరి పళ్లు బయటపెట్టి, చేయి ఎవరిదో చూసుకుని ధీమాగా నోరు తెరిచాడు.

హారన్‌గారి చేయి దానంతటదే వెనక్కి వచ్చేసింది. "ఈ రూటు నీకెందుకురా, దిగిపో" అని, కళ్లు మూసుకుని ఆ ముక్క తనే నోట్లో వేసుకున్నాడు. వెనకే పళ్లెం మొత్తం ఖాళీ చేశాడు. తర్వాత కుర్చీలో నిటారుగా కూర్చుని, గడియారం చూస్తూ చావు కోసం గంటసేపు ఎదురుచూశాడు. అది లేటైంది. ఈలోగా నిద్ర వచ్చింది.

ఆదివారం పదకొండింటికి బెల్లు మోగింది. కూతురి వెంట లైబ్రరీలో పనిచేసే ఒకావిడ వచ్చింది, చేతిలో మూత ఉన్న బుట్టతో. చేతులు కడుక్కోవడానికి ప్లంబరు కూడా లోపలికి వచ్చాడు.

"ముసలాడు రెడీనా అమ్మా?" అంది కూతురు.

"రెడీ. నువ్వు కాళ్లు పట్టుకో, నేను వీపు పట్టుకుంటా. మెల్లగా బుట్టలో పెడదాం."

హారన్‌గారు ఒక్క ఉదుటున లేచి ఫ్రిజ్‌ను కావలించుకున్నాడు. "నేను రాను! ముప్ఫై రెండేళ్లలో ఒక్క యాక్సిడెంటు చెయ్యనివాణ్ని! అడుగున్నర బొందలో నన్ను మడిచి పెడతారా?"

వీధి చివర కుక్క లేచి నిలబడింది. చుట్టుపక్కల కిటికీలు తెరుచుకున్నాయి.

"ఈయన్ని కూడా నేనే తీసుకెళ్లాలాండీ?" అంది లైబ్రరీ ఆవిడ, బుట్ట వంక చూసుకుంటూ.

"బొందేంటండీ?" అంది భార్య.

"ముసలాడి బొంద! నా చెవితో విన్నా!"

"ఏ చెవితో?"

హారన్‌గారు నోరు తెరిచేలోగా ఎడమ చెవే ఎర్రబడి ఒప్పేసుకుంది.

ఆమె గదిలోకి వెళ్లి ఒక బుల్లి బొంత తెచ్చి అందరి ముందూ పరిచింది. అడుగున్నర పొడవు. ఖాకీ ముక్కలు, వాటి నడుమ పూలగుడ్డ ముక్కలు. సరిగ్గా మధ్యలో డ్రైవరు చొక్కా జేబు, బొత్తంతో సహా.

"బొంత! తలుపులో త! ముసలాడంటే వీడు." గూట్లోంచి కండక్టర్ని ఎత్తి చూపించింది. "ఆరేళ్లొచ్చాయి, వీళ్ల లెక్కలో తాతయ్య. వచ్చిన కొత్తలో మూలకూచుని వణికేవాడు. ఓ రోజు మీ చొక్కా జారి గూట్లో పడింది. అప్పట్నుంచీ దాని మీద తప్ప పడుకోడు. కొత్తింట్లో బెంగపడకూడదని మీ చొక్కాలతో కుట్టా. అడిగితే ఇస్తారా? వాడు వెళ్లిపోతున్నాడంటే ఊరుకుంటారా? అయినా ఇన్నేళ్లలో నేనేనాడైనా మిమ్మల్ని 'వాడు' అన్నానా?"

"మరి యాభై గ్రాములు?"

"వాడే నాన్నా," అంది కూతురు.

"పెరట్లో గొయ్యి?"

"అది పైపుది అంకుల్," అన్నాడు ప్లంబరు చెయ్యెత్తి.

"మరి ముక్కల మీద పొడి?"

"ఉప్పన్నాగా!" అంటూనే ఆమె ఆగిపోయింది. "అంటే... విషమనుకున్నారా? అనుకుని ఎలా తిన్నారండీ?"

హారన్‌గారు ఫ్రిజ్‌ను వదిలి, నేల చూపులు చూశాడు. "ముందు వీడికి పెట్టి చూద్దామనుకున్నా. చెయ్యాడలేదు."

ఆమె కొంగుతో కళ్లొత్తుకుంటూ నవ్వింది. "చూశారాండీ ఈ విడ్డూరం! ముప్ఫై అయిదేళ్లు కాపురం చేసిన నా మీద అనుమానం, నెల కిందటొచ్చిన వీడి మీద అభిమానం!"

హారన్‌గారు బొంతను తనే బుట్టలో పరిచాడు. కండక్టరు తిన్నగా వెళ్లి జేబులో తల దూర్చాడు. "వీడి పేరు ముసలాడు కాదండీ, కండక్టరు," అని లైబ్రరీ ఆవిడకి అప్పజెప్పాడు. "దోసకాయ మీద ఉప్పు చల్లకండి." జేబులోంచి ఈల వినబడింది. వెళ్లొచ్చని దాని అర్థం. ఆయనకి తెలుసు గనక గుమ్మానికి అడ్డం తప్పుకున్నాడు.

బయట కిటికీల్లో తలలు ఇంకా అలాగే ఉన్నాయి. "ఏమైంది హారన్‌గారూ? ఎవరి బొంద?" అని ఎదురింటి మేడ మీదినుంచి ఎవరో అడిగారు.

ఆయన గేటు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. "బొంద కాదండీ, బొంత! ముసలాడంటే నేను కాదు, గినీ పిగ్గు! గొయ్యి పైపుది! పొడి ఉప్పు! మా ఆవిడ బంగారం! తప్పు నా ఎడం చెవిది!"

ఆ వివరణ వీధి ఈ మొదలునుంచి ఆ చివరిదాకా వినబడింది. కుక్క అంతా విని, మళ్లీ పడుకుంది.