అండమాన్‌లో చూడదగ్గ చోట్లు

ఆగిరిపల్లిలో పురుగుమందుల కొట్టు నడిపే లక్ష్మీనరసింహారావు ఆ ఏడు ఆగస్టులోనే కొట్టు ముందు ఫ్లెక్సీ కట్టించాడు. నీలం సముద్రం, తెల్ల ఇసుక, మధ్యలో కంపెనీ వాళ్ళ పూత మందు డబ్బా. మామిడి పాదుల్లో పోసే ఆ మందు ఎవరు ఎక్కువ కొంటే ఆ రైతుని డీలర్లతో పాటు అండమాన్ తీసుకెళ్తారట. విమానం, హోటలు, తిండి, అన్నీ కంపెనీవే.

యలమందకి సొంత చెట్టు ఒక్కటీ లేదు. నూజివీడు ఆసామి తోట కౌలుకి తీసుకుని, కాపు అమ్ముకుని బతుకుతున్నాడు. ఊళ్ళో అతన్ని కౌలు యలమంద అంటారు. పెళ్ళి పందిట్లో వెనక బల్ల మీద కూర్చోబెడతారు. విమానమెక్కి వచ్చినవాణ్ణి ఎవరూ అలా పిలవరని అతని నమ్మకం. అదేం పిచ్చి నమ్మకం కాదు. మా వైపు మనిషిని తూచే రాళ్ళు అలాంటివే.

అందుకని చెట్టుకి పొయ్యాల్సిన మందుకి రెట్టింపు పోశాడు. లక్ష్మీనరసింహారావు వద్దనలేదు. "ముదురు చెట్లు కదా, తాగుతాయిలే" అన్నాడు. అడ్డం పడింది పెళ్ళాం పుష్పవతి ఒక్కతే.

"చెట్లకి పోస్తున్నావా, ఆ ఫ్లెక్సీకి పోస్తున్నావా మావా?"

"నీకు తెలీదే. సముద్రం దాటొచ్చినోడి పెళ్ళాం అంటారు నిన్ను."

ఆ మాట ఆవిడకీ రుచించింది. మర్నాడే చాట్రాయిలో ఉన్న అక్కకి ఫోన్ చేసి, మీ మరిది అండమాన్ వెళ్తున్నాడని చెప్పేసింది. ఇంకా ఎవరి పేరూ తేలకముందే.

సంక్రాంతి వెళ్ళాక యలమంద పేరు తేలింది. కొట్టు ముందు శాలువా కప్పి, ఆదర్శ రైతు అని ఫోటో తీశారు. అతను కొత్తగా నాలుగు చొక్కాలు కుట్టించుకున్నాడు.

పోర్టుబ్లెయిర్‌లో దిగింది వంటగది ఉన్న లాడ్జి. డీలర్లంతా స్నానాలు చేసి వ్యాన్ ఎక్కుతుంటే లక్ష్మీనరసింహారావు అతన్ని పక్కకి పిలిచాడు.

"యలమందా, ఇక్కడి కూరలు మనోళ్ళ నోటికి పడవు. తొలికోత నాడు తోటలో కూలీలకి కోళ్ళు కోసి వండి పెడతావే, ఆ పులుసు గురించి చెప్పి చెప్పి వీళ్ళని ఊరించాను. ఈ పూటకి చేసి పెట్టు."

"జైలు చూడ్డానికి వెళ్తున్నారంట కదండీ."

"జైల్లో ఏముందిరా, గోడలు. రేపు హేవ్‌లాక్ దీవికి తీసుకెళ్తాంగా."

ఆ రేపు వచ్చేసరికి పీతలు తెచ్చారు. ఆ మర్నాడు వేటమాంసం. మార్కెట్లో సగం మంది తెలుగువాళ్ళే, శ్రీకాకుళం నుంచి ఎప్పుడో వచ్చినవాళ్ళు. కోళ్ళ కొట్టువాడు సంచీ అందిస్తూ, "ఏ కేటరింగ్ బాబూ మీది?" అని అడిగాడు. యలమంద చిల్లర తీసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఏలూరు డీలరొకడు వేళ్ళు నాకుతూ అన్నాడు. "వంటోణ్ణి బాగా పట్టావయ్యా నర్సింహారావూ. జీతమెంత?"

"జీతమా? వీడే మనకి ఎదురిచ్చి వచ్చాడు. సీజనంతా మందు కొన్నాడుగా."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. యలమంద గరిటె పట్టుకుని నిలబడి, "ఇంకాస్త పులుసు వెయ్యనాండీ?" అన్నాడు.

సముద్రం అతనికి కనపడకపోలేదు. వంటగది కిటికీలోంచి, పక్క మేడకీ నీళ్ళ ట్యాంకుకీ మధ్య జానెడు కనపడేది.

తిరిగి వచ్చేటప్పుడు లక్ష్మీనరసింహారావు అందరి ఫోటోలూ అతని ఫోన్‌కి పంపించాడు. "ఊళ్ళో చూపించుకో" అన్నాడు. గన్నవరంలో దిగి ఇంటికొచ్చే ఆటోలో యలమంద వాటిని చూసుకుంటూ, భోజనాల దగ్గర విన్న కబుర్లూ, ఆ చోట్ల పేర్లూ బట్టీపట్టాడు.

చాట్రాయి నుంచి వదిన, తోడల్లుడు ముందే వచ్చి కూర్చున్నారు. వాళ్ళ ముందు అతను తడుముకోలేదు. జైలు తప్పకుండా చూడాలన్నాడు, సాయంత్రం లైట్లు వేసి కథ చెప్తారన్నాడు. రాస్ దీవిలో జింకలు చేతిలో పెట్టింది తింటాయన్నాడు. అడుగున గాజు పలక బిగించిన పడవెక్కితే కాళ్ళ కింద చేపలు తిరుగుతాయన్నాడు. హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచీ చూడని కళ్ళు కళ్ళే కాదన్నాడు. తోడల్లుడు లేచి కుర్చీ అతనికిచ్చాడు. పుష్పవతి గుమ్మానికి ఆనుకుని అక్క మొహాన్నే చూస్తూ నిలబడింది.

వాళ్ళు వెళ్ళాక బట్టలు నానబెట్టడానికి కూర్చుంది.

"మావా, ఆ బీచీలో ఇసుక తెల్లగా ఉంటదన్నావు."

"పాలలాగా."

"నాలుగు చొక్కాలూ దులిపాను. రేణువు రాల్లేదు. అన్నిటికీ పసుపే."

యలమంద ఫోన్ చూసుకుంటున్నాడు.

"వంటకెళ్ళావా?"

అతను ఫోన్ బోర్లించాడు.

"ఇక్కడ తేనెమంచు పురుక్కి డ్రమ్ము వీపునేసుకుని నేనొక్కదాన్నే మందు కొట్టాను, కళ్ళు మండిపోతుంటే. మా ఆయన విమానంలో ఉన్నాడని దారినపోయే ప్రతివాళ్ళకీ చెప్పాను. కాళ్ళు కూడా తడుపుకోలేకపోయావా? అంత దూరమెళ్ళి?"

"వాళ్ళు తీసుకెళ్ళలేదే."

"నువ్వు అడగలేదు." చొక్కా పిండి బాల్చీలో విసిరింది. "అక్కకి తెలిస్తే నేను చచ్చినట్టే. ఇవాళ చెప్పిందే చెప్పు. పాడె ఎక్కేదాకా అదే చెప్పు. ఒక్క ముక్క తేడా వచ్చినా నా చేతి కూడు తినవు."

వేసవికి చెట్లు లెక్క చెప్పాయి. పూత గుత్తులు గుత్తులుగా ముడుచుకుపోయి, పిందె నిలవలేదు. కొత్త చిగుళ్ళు పిడికిలి బిగించినట్టు కురచబడ్డాయి. ఆసామి వచ్చి తోటంతా తిరిగి చూసి, కౌలు ఇంకొకడికిచ్చాడు. ఇప్పుడు యలమంద ఎదటివాళ్ళ తోటల్లో కాయ కోస్తున్నాడు. కానీ పెళ్ళిళ్ళలో ముందు బల్ల మీదే కూర్చోబెడుతున్నారు. అండమాన్ యలమంద అంటున్నారు. అతనికి మిగిలింది ఆ పేరొక్కటే.

మళ్ళీ ఆగస్టు వచ్చింది, కొత్త ఫ్లెక్సీ లేచింది. పక్క వీధి సలోమోను మోటార్ సైకిల్ మీద వచ్చాడు. వాళ్ళమ్మ కూలికెళ్ళి కూడబెట్టి కొన్న చిన్న తోట అతనిది.

"అన్నా, నీ తోట ఆ మందు వల్లే పోయిందంటున్నారు. నిజమేనా? ఆ చోటు నిజంగా అంత బాగుంటదా? ఆ రెండూ చెప్పు చాలు. నువ్వెంతంటే అంత."

యలమంద నోరు తెరిచాడు. సలోమోను మొహంలో ఏ మాయా లేదు. నిజం చెప్పినా నవ్వే మనిషి కాదు. చాట చెరుగుతున్న పుష్పవతి చెయ్యి ఆగింది.

"మందుదేం లేదు తమ్ముడూ, మంచు దెబ్బ" అంది ఆవిడే. "కూర్చో, టీ పెడతాను. చోట్ల సంగతి ఆయన చెప్తాడు."

యలమంద కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"రెట్టింపు పొయ్యి, ఏం కాదు" అన్నాడు. "వెళ్ళాక మాత్రం జైలు దగ్గర ఆగిపోమాక. రాధానగర్‌కి పొద్దుగూకే వేళకి వెళ్ళాలి. నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగితే, కెరటం వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసుక లాగేస్తా ఉంటది, అబ్బాయ్, అది ఒకళ్ళు చెప్తే తెలిసేది కాదు."

సలోమోను టీ తాగేదాకా కూడా ఆగలేదు. కొట్టు మూసేస్తారేమోనని ఆగిరిపల్లి వైపు బండి తిప్పాడు.