అమ్మ కన్ను, అన్న కార్డు

రహమాన్ క్రెడిట్ కార్డు భజన మొదలుపెట్టాడంటే ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ మధ్యాహ్నం ఏలూరులో అన్న ఇంట్లో భోజనానికి కూర్చున్న నజ్నీన్‌కి కూర కన్నా ముందు కార్డు కబుర్లే వడ్డించాడు. కొల్లేరు చెరువులకు చేపల మేత అమ్ముకునే మనిషి బ్యాంకు ఏజెంటులా మాట్లాడుతున్నాడు.

"నోట్లు జేబులో పెట్టుకు తిరగడం ఏం తెలివమ్మా? పడిపోతే పోయినట్టే. ఇదైతే గీస్తే చాలు. పైగా పాయింట్లు. అదిగో, ఆ మిక్సీ పాయింట్ల మీదే వచ్చింది. అమ్మ కంటి ఆపరేషన్ బిల్లు దీంతో కట్టాను చూడు, దాంతో సరిపోయాయి."

వదిన మెహజబీన్ దుమ్మేమీ లేకపోయినా మిక్సీని పైటచెంగుతో తుడిచింది. తల్లి ఖైరున్నీసా నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని వింటోంది. నజ్నీన్‌కి మిక్సీ మీద కుళ్లేమీ పుట్టలేదు. పోనీలే, వాళ్లకి రాసిపెట్టి ఉంది అనుకుంది. ఆ తరువాతి మాటకే ఎత్తిన ముద్ద తిరిగి కంచంలో పెట్టేసింది.

"అసలు సుఖం వేరే ఉందమ్మా. ఆ డబ్బు బ్యాంకుకి నేనింకా కట్టనేలేదు. వచ్చే నెల పదో తారీఖు దాకా గడువు. పైసా వడ్డీ లేదు. ఈలోగా నువ్విచ్చిన ఆరు వేలూ తవుడు లోడులో పెట్టి తిప్పుతున్నా."

ఎంత నిబ్బరంగా చెప్పాడో చూడండి! మూడు వారాల కిందట ఇదే మనిషి, ఇదే నోటితో, ఆసుపత్రివాళ్లు నిమిషం ఆగరట, నీ వాటా సాయంత్రానికల్లా తెచ్చెయ్ అని ఫోన్ చేశాడు. వచ్చే నెల మొదట్లో చీటీ డబ్బులొస్తాయి, అందాకా ఆగమని నజ్నీన్ బతిమాలింది. ఆసుపత్రి నీ చీటీ కోసం ఆగుతుందా అని కసిరాడు. తాడేపల్లిగూడెంలో బట్టలు కుట్టుకు బతికే మొగుడి దగ్గర అంత డబ్బు అప్పటికప్పుడు ఎక్కడిది? పెళ్లినాటి బంగారు గాజులు రెండూ తాకట్టు పెట్టి, బస్సెక్కి వచ్చి అన్న చేతిలో పోసింది. ఆ రోజు నుంచీ ఆమెకి వడ్డీ పెరుగుతూనే ఉంది.

నజ్నీన్‌కి ఒళ్లు మండిపోయింది. కంచం పక్కకు జరిపింది.

"బ్యాంకు నీకు అంత టైమిచ్చిందని ఆ రోజే నాకెందుకు చెప్పలేదన్నయ్యా? నా గాజులు తాకట్టు పెట్టి తెచ్చాను ఆ డబ్బు."

"లెక్క లెక్కే కదమ్మా. నువ్వు గాజులు పెట్టావని నాకేం తెలుసు?"

"నా చేతులు చూస్తే తెలిసేది. నీకు పాయింట్లు తప్ప ఏవీ కనపడలేదు."

రహమాన్ భార్య వంక చూశాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. మాట్లాడింది తల్లే.

"కన్ను నాదిరా. నా కంటి మీద నీకు మిక్సీ వచ్చింది, నీ చెల్లెలి గాజులు పోయాయి. బండి తియ్యి. గూడెం తీసుకెళ్లి విడిపించి ఇయ్యి."

అంత జరిగాక కూడా, చెల్లెల్ని వెనక కూర్చోబెట్టుకుని వెళ్తూ ఉంగుటూరు దగ్గర పెట్రోలు పోయించుకుని, సిగ్గు లేకుండా అక్కడా కార్డే గీశాడు మహానుభావుడు.

తాకట్టు కొట్టు నిత్యానందం గారు ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చేశారు. "మా దగ్గర ఇది పనికిరాదండీ. నగదు తెచ్చుకోండి. ఎదురుగానే ఏటీఎం ఉంది కదండీ."

రహమాన్ కదల్లేదు. "తవుడు డబ్బులు ఇంకా చేతికి రాలేదమ్మా. దీంతో నగదు తీస్తే ఈ రోజు నుంచే వడ్డీ పడుతుంది. పాయింట్లు కూడా రావు," అని గొణిగాడు.

"నాకు మూడు వారాల నుంచీ పడుతోంది. నాకెవరూ పాయింట్లివ్వలేదు."

ఇక రోడ్డు దాటక తప్పలేదు అతనికి. నోట్లు తెచ్చి, అసలూ వడ్డీ కలిపి బల్ల మీద పెట్టాడు. నజ్నీన్ గాజులు రెండూ అక్కడే తొడుక్కుంది.

"నా వాటా ఎగ్గొట్టనులే. చీటీ రాగానే, పదో తారీఖు లోపల తెచ్చి నీ చేతిలో పెడతాను. ముక్కూ మొహం తెలియని బ్యాంకువాడు నీకిచ్చిన గడువే అడుగుతున్నా అన్నయ్యా. తోడబుట్టినదానికి నువ్వది కూడా ఇవ్వలేకపోయావు."

రహమాన్ బండి తాళం చేతిలోనే పెట్టుకుని, దాని కోసమే జేబులన్నీ వెతుక్కుంటున్నాడు.