సుకీర్తి ఒక్కపొద్దు

సాయంత్రం పర్సుడీహ్ బజారు దగ్గర ఆటో దిగేసరికి త్రేసమ్మ కాళ్ళు ఆమె మాట వినవు. పొద్దున్నుంచి ప్రైవేటు బడిలో చిన్న తరగతి పిల్లల ముక్కులు తుడిచి, గోల అణిచి, గొంతు అరగదీసుకున్న మనిషి. కూరలు కొని, సంచీ మోసుకుంటూ సందులోకి తిరిగేటప్పుడు రోజూ ఒకటే కోరిక పుడుతుంది. ఎవరైనా తలుపు తీసి, కూర్చోమని చెప్పి, గ్లాసుడు మంచినీళ్ళిస్తే చాలు. ఆ ఇచ్చేవాళ్ళు ఇంతవరకూ పుట్టలేదు. మొగుడు రాజబాబు ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కార్ఖానాలో లేతు మిషను మీద పనిచేస్తాడు. ఏ వారం ఏ షిఫ్టో వాళ్ళ ఫోర్‌మన్‌కే తెలియాలి. అతను ఏ వేళకొస్తే ఆ వేళే ఆ ఇంట్లో భోజనాల వేళ.

అలాంటి త్రేసమ్మకి ఈ ఏడు తపస్సు కాలంలో ఒక సంతోషం దొరికింది. విభూది బుధవారం నాడు నుదుటి మీద బూడిద సిలువతో గుడి నుంచి వచ్చి, ఈస్టర్ పండగ దాకా ఒక్కపొద్దు ఉంటానని పదిహేనేళ్ళ కూతురు సుకీర్తి ప్రకటించింది. రాత్రి ఒక్కపూటే భోజనం, పగలంతా మంచినీళ్ళు. ఆదివారం పూజకి లేపాలంటే ఫ్యాను కట్టేసి, దుప్పటి లాగి, ముఖాన నీళ్ళు చల్లాల్సిన పిల్ల ఇలా అనేసరికి త్రేసమ్మ కళ్ళు చెమర్చాయి. తన పెంపకం ఊరికే పోలేదనుకుంది.

ఆ సంతోషంలో కాస్త స్వార్థం కూడా ఉంది, దాచడమెందుకు. పొద్దున్నే కట్టాల్సిన టిఫిను డబ్బాల్లో ఒకటి తగ్గింది. ఒక డబ్బా తగ్గితే అలిసిన మనిషికి ఎంత ఊపిరి సలుపుతుందో ఆ పని చేసేవాళ్ళకే తెలుస్తుంది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి ఒక్కపొద్దు నియమమే లేదని గుడి జ్ఞానోపదేశం తరగతిలో పిల్లలకి ఒకప్పుడు చెప్పింది త్రేసమ్మే. ఆ సంగతి ఆమెకి గుర్తు రాలేదు. వచ్చినా రానిచ్చి ఉండేది కాదు.

ఆ ఆదివారమే గుడి మెట్ల మీద త్రేసమ్మ ఈ సంగతి ప్రిస్సీ చెవిన వేసింది. ప్రిస్సీ అక్కడి తెలుగు ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. ఆమెకి ఒక మాట చెబితే మైకు పెట్టి చెప్పినట్టే. మరుసటి వారానికల్లా ఆడవాళ్ళంతా సుకీర్తి చుట్టూ మూగారు. ఒకావిడ కొడుకు పరీక్ష కోసం ప్రార్థించమంది. ఇంకొకావిడ అల్లుడి తాగుడు మాన్పించమంది. ప్రిస్సీ అయితే తన మోకాలి నొప్పిని ఏకంగా ఆ పిల్లకే అప్పగించేసింది. సుకీర్తి నేల చూపులు చూస్తూ సరేనని తలూపింది. ఎంత వినయమో అని తల్లి మురిసిపోయింది. ఇంటిదాకా ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు.

పిల్ల ముఖం పీక్కుపోయిందేమిటని రాజబాబు ఒకసారి అడిగాడు. దేవుడి పనికి అడ్డం రావద్దని త్రేసమ్మ నోరు మూయించింది. అతని మాటలో నిజం లేకపోలేదు. సుకీర్తి లేచి నిలబడితే గోడ పట్టుకుంటోంది. పుస్తకం ముందు కూర్చుంటే తూగుతోంది, పలకరిస్తే కసురుతోంది. ఏమైందే అని తెలుగులో అడిగితే, “కుచ్ నహీ మమ్మీ, ఠీక్ హూఁ” అని, ఏమీ లేదు బాగానే ఉన్నానని హిందీలో జవాబు. హిందీ ఊళ్ళో పెరిగిన ఆ పిల్లకి అది ఎప్పుడూ ఉన్న అలవాటే. తెల్లవారేసరికి మిక్స్చరు డబ్బా అడుగు కనిపిస్తోంది. ఆ నేరం కూడా రాజబాబు మీదికే పోయింది. తినని మిక్స్చరుకి తిట్లు తిని, పాపం, అతను సైకిలెక్కి డ్యూటీకి పోయేవాడు.

నాలుగో శుక్రవారం సిలువ మార్గం ప్రార్థనలో సిలువ పట్టుకుని ముందు నడిచే గౌరవం సుకీర్తికి ఇప్పించింది ప్రిస్సీ. పాట పాడుతూ జనం సగం దూరం నడిచారో లేదో, పిల్ల సిలువతో సహా పక్కకి ఒరిగిపోయింది. కింద పడకుండా ఎవరో పట్టుకున్నారు. భక్తిలో ఒళ్ళు మరిచిపోయిందని వెనక ఒకావిడ గుసగుసలాడింది. ఆ మాట చెవిన పడి త్రేసమ్మ గుండె ఒక్క క్షణం ఉప్పొంగింది. తరవాత కూతురి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది. ఉప్పొంగిన గుండె అక్కడికక్కడే జారిపోయింది.

ఆస్పత్రిలో ఇంద్రాణి డాక్టరు పిల్లని పరీక్ష చేసి, ముందు పళ్ళరసం తాగించి, తరవాత నెమ్మదిగా మాటల్లో పెట్టింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. దేవుడి ఊసు అందులో లేదు. బడి స్కర్టు నడుం దగ్గర బొత్తాం పట్టడం లేదు. తరగతిలో ఇద్దరు పిల్లలు ఆమె పొట్ట చూసి నవ్వారు. ఒక్కపూట తింటే నెల్లాళ్ళలో పొట్ట మాయమైపోతుందని ఫోనులో ఎవరో చెప్పారు. పొట్ట తగ్గించుకోడానికి తిండి మానేస్తానంటే అమ్మ ఒప్పుకోదు. దేవుడి కోసమంటే కాదనదు. ఆ లెక్క మాత్రం పిల్ల సరిగ్గానే వేసింది.

డాక్టరు కోప్పడలేదు. పొట్ట ఒక్కదాన్నే కరిగించే మంత్రం ఎవరి దగ్గరా లేదంది. ఎదిగే వయసులో పస్తులుంటే ముందు పోయేది బలమని, పగలంతా అణిచిన ఆకలి రాత్రికి రెట్టింపై మీద పడుతుందని చెప్పింది. మిక్స్చరు డబ్బా సంగతి త్రేసమ్మకి అప్పుడు వెలిగింది. పొద్దున తిండి మానొద్దు. గుడ్డో, శనగలో, పప్పో రోజూ ఉండాలి, కూరలూ పళ్ళూ ఉండాలి. సీసా డ్రింకులూ నూనెలో వేయించిన చిరుతిళ్ళ పొట్లాలూ ఎప్పుడైనా సరదాకి తప్ప వద్దు. రోజూ నడవాలి, ఆడాలి, వేళకి నిద్రపోవాలి. మాటిమాటికీ బరువు చూసుకోవద్దు, అది తను చూస్తానంది. ముందు ఆ స్కర్టు వదులు చేయించమంది. ఇదంతా పిల్ల ఒక్కదానికే శిక్షలా పెట్టవద్దని, ఇంట్లో అందరూ చెయ్యాలని చెప్పి, పొద్దున్న మీరేం తిన్నారని తల్లిని అడిగింది.

టీ తాగానంది త్రేసమ్మ. ఏళ్ళ తరబడి ఆమె పొద్దుటి తిండి అదే.

బయట బెంచీ మీద ఆటో కోసం కూర్చున్నప్పుడు త్రేసమ్మ ఉండబట్టలేక అడిగింది. “అంత ఆకలేత్తంటే ఒక్క మాట సెప్పడానికేటే నీకు?”

ఈసారి సుకీర్తి హిందీలోకి పోలేదు. “రెండో వారంలోనే మానేద్దామనుకున్నానమ్మా. అప్పటికే నువ్వు అందరికీ సెప్పేసినావు. ఇంకెలాగ తింతాను?”

త్రేసమ్మకి తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక పని తగ్గలేదు సరికదా, పెరిగింది. డాక్టరు చెప్పినవన్నీ ఎవరు చెయ్యాలి? పొద్దున్నే గుడ్లు ఎవరు ఉడకబెట్టాలి, శనగలు రాత్రే ఎవరు నానబెట్టాలి? అలిసిన మనిషికి మంచి సలహా కూడా ఇంకో బరువే. ఆ విసుగంతా త్రేసమ్మ రాజబాబు మీద కక్కింది. అతను చివరిదాకా విని, శనగల డబ్బా ఎక్కడుందో చెప్పమన్నాడు. ఆ రోజు నుంచి నానబెట్టడం అతని పని. డ్యూటీ నుంచి ఏ వేళకొచ్చినా తన అన్నం తనే పెట్టుకుంటానన్నాడు. తల్లీకూతుళ్ళు వేళకి తినేసి, ఫోను పక్కన పడేసి పడుకోవచ్చు. ఇన్నేళ్ళూ ఈ మాట ఎందుకు అనలేదని త్రేసమ్మ అడగబోయి ఊరుకుంది. తనూ ఎప్పుడూ అడగలేదు మరి.

సాయంత్రాలు సుకీర్తి బజారుకి ఎదురొచ్చి సంచీ అందుకునేది. ఇద్దరూ సందులోకి తిరక్కుండా చుట్టు దారిన నడిచేవారు. మొదట్లో త్రేసమ్మ ప్రతి అడుగునీ తిట్టుకుంటూ నడిచింది. తరవాత అలసట తగ్గిందని కాదు గానీ, ఆ దారిలో కూతురు నాలుగు మాటలు చెబుతోందని తిట్టడం మానేసింది. స్కర్టు వదులు చేయించారు. పొట్ట ఎక్కడిది అక్కడే ఉంది. పిల్ల మాత్రం గోడ పట్టుకోకుండా లేస్తోంది. చిన్న తరగతుల్లో ఉన్నప్పటిలా తాడాట ఆడుతోంది.

అయితే ఇదంతా ఇంటి వరకే. గుడిలో సుకీర్తి ఇంకా ఒక్కపొద్దు మనిషే. పడిపోయిన నాటి నుంచి ఆమె పేరు ఇంకా పెరిగింది. ఆమె ప్రార్థన వల్లే తన మోకాలు వంగుతోందని ప్రిస్సీ మెట్లెక్కి చూపిస్తోంది. నిజం చెప్పడానికి త్రేసమ్మకి మొహం చెల్లడం లేదు. పండగ దాటితే అందరూ మరిచిపోతారులే అని రోజులు నెట్టుకొస్తోంది. పూజ అయ్యాక అందరూ టిఫిను తింటుంటే, తల్లీకూతుళ్ళు ఏదో పనున్నట్టు ముందే బయటపడేవారు.

ఈస్టర్‌కి ముందొచ్చే మట్టలాదివారం నాడు అలా తప్పించుకోబోతుంటే ప్రిస్సీ పట్టేసుకుంది. గుడి ఆవరణలో ఆడవాళ్ళు ఇడ్లీలు, టీ పంచుతున్నారు. ప్రిస్సీ తన కూతురు వెన్నెలని ముందుకి తోసింది. పదమూడేళ్ళ పిల్ల, కాస్త బొద్దుగా ఉంటుంది. సుకీర్తిని చూసి వెన్నెల కూడా ఒక్కపొద్దు మొదలెట్టిందని, వారం అయిందని ప్రిస్సీ సంబరంగా చెప్పింది. సుకీర్తి నాలుగు మాటలు చెబితే మిగతా ఆడపిల్లలకీ భక్తి కలుగుతుందంది.

వెన్నెల తలెత్తలేదు. ఒక చేత్తో పక్కనున్న స్తంభం పట్టుకుని నిలబడింది. త్రేసమ్మ ఆ చెయ్యి చూసింది. కూతురి వైపు చూసింది. సుకీర్తి ముఖం పాలిపోయింది, ఏదైనా చెప్పు అన్నట్టు తల్లినే చూస్తోంది. త్రేసమ్మకి ఒక్కసారిగా ఎంత నీరసం ముంచుకొచ్చిందంటే, ఇక అబద్ధం మొయ్యడానికి కూడా ఓపిక లేకపోయింది.

“అది ఒక్కపొద్దు కాదక్కా,” అంది. “పొట్ట తగ్గాలని తిండి మానేసింది. నాకు తెలవలేదు. తెలుసుకోవాలని నేనూ సూడలేదు. నా కూతురు పుణ్యాత్మురాలని ఊరంతా సెప్పుకోవడంలో పడిపోయినాను. ఆ రోజు అది భక్తితో పడిపోలేదు, ఆకలితో పడిపోయింది. ముందు వెన్నెలకి తిండి పెట్టు.”

ఇడ్లీ గిన్నె దగ్గర గరిటె ఆగిపోయింది. అవమానం ఎలా ఉంటుందోనని ఇన్నాళ్ళూ భయపడింది త్రేసమ్మ. ఉన్నది ఇంతే. జనం చూస్తారు, చెవులు మండుతాయి, కాళ్ళు మాత్రం నిలబడే ఉంటాయి.

ప్రిస్సీ ముఖం ఎర్రబడింది. కూతుర్ని దగ్గరికి లాక్కుని, కోపం ఎవరి మీద చూపించాలో తోచక, సుకీర్తినే నిలదీసింది. “అయితే మేమందరం నిన్ను నమ్మి ప్రార్థన సెయ్యమంటే, అదీ అబద్ధమేనేటే?”

“ప్రార్థన నిజంగానే సేసినానాంటీ,” అంది సుకీర్తి. “మీ మోకాలి కోసం కాదు. అమ్మ నన్ను తినమంటే బాగుణ్ణని సేసినాను. రోజూ.”

త్రేసమ్మ వెళ్ళి రెండు ప్లేట్లలో ఇడ్లీ పెట్టించుకుని వచ్చి, అందరి ఎదుటా మెట్ల మీద కూలబడి, ఒక ప్లేటు కూతురికి ఇచ్చింది. “తినమ్మా,” అంది. అనాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయిందని ఆమెకి తెలుసు. సుకీర్తి ఒక ముక్క తుంచి, తల్లి తన ప్లేటులో చెయ్యి పెట్టేదాకా ఆగి, అప్పుడు తింది.