వసపిట్ట పరీక్ష

తొమ్మిదో ట్యాబ్లెట్ మీద జామ్ మరక ఎంత తుడిచినా వదలడం లేదు. ఆయమ్మ గుడ్డ మడతేసి, ఉఫ్‌మని ఊది, గోటితో గీకింది. "పిల్లలకి మాటలొస్తాయో రావో గానీ, నా చేతులు మాత్రం పడిపోతున్నాయి," అని గొణుక్కుంది.

మాటలు ఆలస్యమైన పిల్లల కేంద్రం అది. పద్దెనిమిదేళ్ళుగా ఆమె అక్కడ ఆయా. పొట్టి మనిషి, మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంట్లో పలకరించే దిక్కు లేదు కాబట్టి మాటలన్నీ ఇక్కడే ఒలకబోసేది. ముక్కు తుడుస్తూ "ముక్కు" అనేది, చేతులు కడుగుతూ "నీళ్ళు" అనేది. అవి విని ఎందరు పిల్లలు నోరు విప్పారో ఏ రిజిస్టరులోనూ లేదు. రెండేళ్ళ కిందట ట్యాబ్లెట్లు వచ్చాక వాటిని తుడవడం, ఛార్జింగు పెట్టడం ఆమె పనైంది.

వాటి మీద ఆమెకు పగేమీ లేదు. అస్సలు మాట రాని పిల్లొకతె బొమ్మ నొక్కితే ట్యాబ్లెట్ "కడుపు నొప్పి" అని పలికిన రోజు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆవిడే.

ఈరోజు వసపిట్టకి పరీక్ష. నాలుగేళ్ళ పిల్ల, చేరిన కొత్తలో నోరు మెదిపేది కాదు కాబట్టే ఆయమ్మ పట్టుబట్టి ఆ పేరు పెట్టింది. ట్యాబ్లెట్ పది బొమ్మలు చూపిస్తుంది. ఆరింటికైనా పేర్లు చెప్పకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆరు నెలల్లో వసపిట్టకి పదకొండు మాటలొచ్చాయి. అన్నిటికంటే ముందొచ్చింది "చెప్పు". చెప్పుల స్టాండు దగ్గర చతికిలబడి, కాలికి తొడుగుతూ, ఆయమ్మ నెలరోజులు నేర్పిన మాట అది.

థెరపీ మేడం ట్యాబ్లెట్ ముందు పెట్టింది. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. తెర మీద కుక్క వచ్చింది.

"ఇదేమిటి? చెప్పు," అంది ట్యాబ్లెట్.

వసపిట్ట మొహం వెలిగిపోయింది. "చెప్పు!" అని కాలెత్తి చూపించింది.

టుంయ్‌మని చప్పుడు, ఎర్ర గుర్తు. తర్వాత బంతి.

"ఇదేమిటి? చెప్పు."

"చెప్పూ!" ఈసారి ఇంకా గట్టిగా అంది పాపం, వినపడలేదేమోనని. మళ్ళీ ఎర్ర గుర్తు.

గుమ్మంలో ఆయమ్మకి ఆగలేదు. "నీ గొంతు పడిపోను! చెప్పు చెప్పు అంటూ దాని ప్రాణం తీస్తావెందుకే?" అని ట్యాబ్లెట్‌ని తిట్టింది. మేడం చెయ్యి చూపించి ఆపింది. నాలుగో బొమ్మకి పిల్ల గొంతు తగ్గింది. ఆరో బొమ్మకి కాలు ముడుచుకుంది. ఆ తర్వాత ఏడుపే.

"దాని తప్పేముందమ్మా? దానికి చెప్పంటే కాలి చెప్పే. మీరే నోటితో అడగండి, కుక్కా బంతీ టకటకా అనేస్తుంది," అంది ఆయమ్మ.

"నాకు తెలీదా ఆయమ్మా? ఆ మాట మార్చమని రెండు నెలలుగా రాస్తూనే ఉన్నాను. పైవాళ్ళు ఇందులో వచ్చిన మార్కులే చూస్తారు."

"మరి మనమిద్దరం ఉన్నదెందుకూ, దిష్టిబొమ్మల్లాగా?"

మేడం తల దించుకుని కాగితం మీద సున్నా వేసింది.

ఆయమ్మకి ఒళ్ళు మండిపోయింది. మేడం మీద కోపమో, ఆ పెట్టె మీదో, తన మీదో తేల్చుకోలేకపోయింది. బంతితో మొదలుపెట్టి ఉంటే సరిపోయేది కదా, నేర్పడానికి నాకు ఆ దిక్కుమాలిన మాటే దొరికిందా అని తనని తాను తిట్టుకుంది.

మధ్యాహ్నం తండ్రి వచ్చి కాగితం రెండుసార్లు చదివాడు. "ఇంట్లో బాగానే అంటోంది కదా ఆయమ్మా?"

"అంటుందయ్యా. అనదన్నదెవరు?"

ఆయన చెవులారా వింటాడని ఆయమ్మ స్టాండు దగ్గర కూలబడి చెప్పులు చేతిలోకి తీసుకుంది. "ఇవేంటే వసపిట్టా?"

రోజూ అడక్కముందే అరిచే పిల్ల నోరు తెరవబోయి, ట్యాబ్లెట్ల గది వైపు చూసింది. పెదాలు బిగించుకుని, కాలు మాత్రం చాపింది.

ఆయమ్మ రెండోసారి అడగలేదు. తొడిగి, బకిల్ పెట్టి, గోడ పట్టుకుని లేచింది. తండ్రి పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

పరీక్షలో ఏడ్చినప్పుడు తడిసిన పిల్ల చేతిరుమాలు ఉతికి ఆరేసిన సంగతి వాళ్ళు వెళ్ళాక గానీ ఆమెకు గుర్తురాలేదు. అది కిటికీ ఊచ మీద ఆరిపోయి ఉంది, గౌనుకి తగిలించడానికి వాళ్ళమ్మ గుచ్చిన పిన్నీసు మూలన అలాగే ఉంది.