ఇంగ్లీష్ మేడం డెమో క్లాసు

కోదాడలో ప్రైవేటు స్కూళ్లవాళ్లు టీచర్‌ను తీసుకునే ముందు డెమో క్లాసు పెడతారు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలుండరు కాబట్టి, ఉన్న టీచర్లే పిల్లల్లా బెంచీల మీద కూర్చుని, వచ్చినవాళ్లను డౌట్లతో చంపుకు తింటారు. పొమ్మనకుండా పంపించడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఆ రోజు బోర్డు ముందు నిలబడింది వందన. సూర్యాపేటలో ఆమె పనిచేసిన స్కూలు మూతపడింది. బడులు తెరిచేలోపు ఎక్కడో ఒకచోట కుదరకపోతే ఏడాదంతా ఇంట్లో కూర్చోవడమే. ఆ భయం లోపల ఉన్నా, ముందు బెంచీలో ఏసుబాబు సారును చూస్తే మాత్రం ఆమెకు ఒళ్లు మండింది.

ఆ స్కూల్లో ఇంగ్లీషుకు ఏసుబాబే పెద్ద దిక్కు. మండుటెండలో కూడా టై కట్టుకుని వస్తాడు. వాక్యాన్ని ప్రిపొజిషన్‌తో ముగించడం మహాపాపమని ఆయన సిద్ధాంతం. ఆమె బోర్డు మీద "వాట్ ఆర్ యూ లుకింగ్ ఫర్" అని రాసిందో లేదో, లేచి నిలబడి తప్పన్నాడు. "ఫర్" చివర ఉండకూడదట. ముందుకు తెచ్చి "ఫర్ వాట్ ఆర్ యూ లుకింగ్" అనాలట.

రెండూ తప్పు కావనీ, మనుషులు నోటితో మాట్లాడేది మాత్రం మొదటిదేననీ వందన చెప్పింది. పెన్ను పోయి వెతుక్కుంటున్న పిల్లాణ్ని సారు చెప్పినట్టు అడిగితే, వాడు పెన్ను సంగతే మర్చిపోతాడని కూడా అంది. వెనక బెంచీల్లో టీచర్లు నవ్వాపుకున్నారు. ఏసుబాబు టై సవరించుకుని కూర్చున్నాడు. గెలిచాననుకుంది, పిచ్చిది.

గోడవారగా కుర్చీలో ఉన్న కరస్పాండెంట్ గోపాల్ రెడ్డి గొంతు సవరించుకున్నాడు. ఆయనకు మిర్యాలగూడలో రైసు మిల్లుంది. ఇంగ్లీషు రాదు, రాదన్న చింతా లేదు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. నువ్వు చెప్పిందంత నాకే సమజైంది. గదే పరేషాన్. నాకు సమజయ్యే ఇంగ్లీషుకు తల్లిదండ్రులు ఫీజెందుకు కడతరు? ఈ సారు మాట్లాడితే నాకు ఒక్క ముక్క తెల్వది. గందుకే అడ్మిషన్లు వస్తున్నయ్. ఇంకోసారి చెప్పు సూద్దాం."

వందనకు ఆ టై మీద, ఆ మిల్లు మీద, అర్థం కానిదే చదువనుకునే ఊళ్లో తల్లిదండ్రులందరి మీదా కోపం వచ్చింది. చాక్‌పీసు బల్ల మీద పడేసి వెళ్లిపోవచ్చు. వెళ్లిపోలేదు. బోర్డు తుడిచి, "టు హూమ్", "ఆఫ్ విచ్" అంటూ తలాతోకా లేని పొడుగాటి వాక్యం ఒకటి అందుకుని, ఊపిరి అయిపోయిన చోట ఆపింది.

గోపాల్ రెడ్డి ముఖం వెలిగిపోయింది. సోమవారం నుంచి రమ్మని చెప్పి లేచాడు.

వరండాలోకి వచ్చేసరికి ఏసుబాబు వెనకాలే వచ్చాడు. దెప్పుతాడేమోనని వందన మాటకు మాట సిద్ధం చేసుకుంది. ఆయన దెప్పలేదు. ఎవరూ వినడం లేదని చూసుకుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"బాధపడకండి మేడం. నా డెమోలో నేనూ మొదట మీలాగే చెప్పాను. నన్నూ ఇంకోసారి చెప్పమన్నారు."